ఆజ్ఞ పాటించాను, సమృద్ధి ఎక్కడ? చిత్తూరు నుండి ఒక ప్రశ్న

గుమాస్తా_చిత్తూరు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ వేదికలోని చర్చలను చాలాకాలంగా చదువుతున్నాను గాని, నా అంతట నేను ఎన్నడూ ఏదీ రాయలేదు. ఈ రోజు రాయక తప్పడం లేదు.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి మండీలో మూడు సీజన్లు గుమాస్తాగా పనిచేశాను. తోతాపురి కాయ దిగే జూన్, జూలై నెలల్లో అర్ధరాత్రి దాటినా ట్రాక్టర్లు బారులు తీరి నిలబడే ఉంటాయి. తొడిమలు, ఆకులు, దెబ్బ తిన్న కాయ కలిసి వస్తాయి కనుక టన్నుకు ఇంత అని తరుగు తీసివేయడం మా వైపు రైతులందరికీ తెలిసిన పద్ధతే. నేను పనిచేసిన చోట రైతుకు నోటితో చెప్పేది టన్నుకు 50 కిలోలు, పుస్తకంలో నాచేత రాయించేది 80 కిలోలు. రెండున్నర సీజన్లు నేను అలాగే రాశాను. పోయిన సంవత్సరం సీజన్ మధ్యలో ఒక ఆదివారం మా సంఘంలో సామెతలు 11వ అధ్యాయం చదివారు. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అన్న మాట విన్నాక మరునాడు నా చేయి 80 అని రాయడానికి ఒప్పుకోలేదు. యజమానికి ఆ సంగతి చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. "నీ మనసు ఒప్పకపోతే రావద్దులే" అని అప్పటివరకు ఉన్న లెక్క చూసి పంపించివేశారు.

ఇప్పటికి పదమూడు నెలలైంది. ప్రస్తుతం ఒక పశువుల దాణా దుకాణంలో పాత జీతంలో సగానికి, అంటే నెలకు 9,000 రూపాయలకు పనిచేస్తున్నాను. పాపను బడి మార్పించాము. నా భార్య నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. దేవుని ఆజ్ఞలకు విధేయులైన వారికి నిండైన జీవితం లభిస్తుందని సండే స్కూలు నుండి వింటూనే ఉన్నాను. "జీవము కలుగుటకును అది సమృద్ధిగా కలుగుటకును" అన్న యోహాను 10:10 మా ఇంటి గోడ క్యాలెండరు మీద కూడా ఉంది. ఎగతాళికి కాదు, నిజంగానే అడుగుతున్నాను: నేను విధేయత చూపాను కదా, ఆ నిండుదనం ఎక్కడ?


అలిపిరి_ట్యాక్సీ
సోమవారం, రాత్రి 10:15

అన్నా, మీరు చేసింది సరైన పని, దిగులు పడవద్దు. యోబు కూడా సమస్తమూ పోగొట్టుకున్నాడు, చివరికి దేవుడు ఆయనకు రెండంతలు ఇచ్చాడు. మీకు కూడా ఆ రెట్టింపు దినం వస్తుందని నేను నమ్ముతున్నాను. మీ కోసం ప్రార్థిస్తాను.


సందేహి_పుత్తూరు
సోమవారం, రాత్రి 11:02

ట్యాక్సీ సోదరుని మంచి మనసును నేను శంకించడం లేదు గాని, ఆ రెట్టింపు మాటతో నాకు పేచీ ఉంది. యోబు గ్రంథం 42వ అధ్యాయంలో గొఱ్ఱెలు, ఒంటెలు రెండంతలైన మాట వాస్తవమే. అయితే ఆయనకు అలాంటి ఆశ ముందుగా ఎవరూ చూపలేదు. యోబు లాభం లేకుండా దేవునికి భయపడతాడా అని అపవాది (సాతాను) వేసిన ప్రశ్నతోనే ఆ గ్రంథం మొదలవుతుంది. రెట్టింపు వస్తుందన్న నమ్మకంతో విధేయత చూపితే, అపవాది చెప్పిందే నిజమని మనమే ఒప్పుకున్నట్లు అవుతుంది. పోతీఫరు భార్యకు లొంగని యోసేపుకు వెంటనే దొరికింది చెరసాల. ఈ రోజుల్లో సభల్లో కొందరు కానుకను విత్తనమని పిలిచి, విత్తితే నూరంతలు కోస్తావని చెబుతారు. మండీ వ్యాపారానికీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించదు, అక్కడైనా తూకం వేసే యంత్రం ఒకటి కళ్ళ ముందు ఉంటుంది.

కనుక గుమాస్తాగారి ప్రశ్న న్యాయమైనది. సమృద్ధి అంటే డబ్బు కాదు, మనశ్శాంతి అని ఇప్పుడు ఎవరో ఒకరు రాయబోతారు. అయ్యా, ఆయనకు అది కూడా లేదని ఆయన రాసిన ప్రతి వాక్యంలోనూ తెలుస్తూనే ఉంది. మరి ఆ మాటకు అర్థం ఏమిటో చెప్పండి.


కొర్లగుంట_మాస్టారు
మంగళవారం, ఉదయం 5:50

నేను ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి విరమించినవాడిని, మా లూథరన్ సంఘంలో నిర్ధారణ (కన్ఫర్మేషన్) తరగతులకు ఇప్పటికీ పిల్లలను తయారుచేస్తున్నవాడిని. అందువల్ల నా జవాబు కాస్త పాఠంలా ఉంటే మన్నించండి.

మొదట వరుసక్రమం గమనించాలి. నిర్గమకాండము 20వ అధ్యాయంలో పది ఆజ్ఞలు "చేయకూడదు" అన్న మాటతో ఆరంభం కావు. దాసుల గృహమైన ఐగుప్తులోనుండి నిన్ను వెలుపలికి రప్పించిన దేవుడను నేనే అన్న మాటతో ఆరంభమవుతాయి. విడుదల ముందు జరిగింది, ఆజ్ఞ తరువాత వచ్చింది. ఆజ్ఞలు పాటించినందుకు కూలిగా ఐగుప్తు నుండి బయటికి రప్పించలేదు, బయటికి వచ్చినవారు మళ్ళీ ఫరోల (ఐగుప్తు రాజుల) వలె బ్రతకకుండా ఉండడానికి ఆజ్ఞలు ఇచ్చాడు. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలోనూ ఇదే వరుస: 8వ వచనంలో కృపచేత రక్షణ, 10వ వచనంలో సత్క్రియలు. ఈ వరుస తలకిందులైతే విధేయత ఒక బేరమైపోతుంది, బేరంలో నష్టపోయినవాడికి అసంతృప్తి తప్పదు.

రెండవది, మీ ప్రశ్న చదవగానే నాకు లూకా 15వ అధ్యాయం గుర్తుకు వచ్చింది. అందరూ తప్పిపోయి తిరిగివచ్చిన చిన్న కుమారుని గురించి, అతని కోసం తండ్రి చేసిన విందు గురించి బోధిస్తారు. పెద్ద కుమారుడు ఏమన్నాడో చూడండి. ఇన్నేళ్ళ నుండి నిన్ను సేవిస్తున్నాను, నీ ఆజ్ఞను ఎన్నడూ మీరలేదు, అయినా ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదు అని తండ్రితో అంటాడు. అతడు అబద్ధమాడలేదు, నిజంగానే విధేయుడు. కాని తన సొంత ఇంట్లో కూలివాడిగా బ్రతికాడు. తండ్రి జవాబులో మేకపిల్ల ఊసే లేదు: "నీవెల్లప్పుడును నాతో కూడ ఉన్నావు, నావన్నియు నీవి." సమృద్ధి అనేది ఆ ఇంట్లో ఉండడంలో ఉంది గాని, మేకపిల్లలో లేదు.

మూడవది ఏడవ ఆజ్ఞ గురించి. దొంగిలవద్దు అన్నది మీకు ఏడవదో ఎనిమిదవదో నాకు తెలియదు. మా లూథరన్‌లు, రోమన్ కథోలికులు విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలోనే కలిపి లెక్కించి, ఆశింపవద్దు అన్నదాన్ని రెండుగా విడదీస్తాము; సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారు మరోలా లెక్కిస్తారు. మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న కాటెకిజములో (ప్రశ్న జవాబుల బోధ పుస్తకంలో) ఈ ఆజ్ఞకు ఇచ్చిన వివరణను మా పిల్లలు కంఠస్థం చేస్తారు. పొరుగువాని సొమ్మును తీసుకోకూడదు, కల్తీ సరుకుతోనో మోసపు వ్యవహారంతోనో దాన్ని రాబట్టకూడదు అని చెప్పి ఆయన అక్కడితో ఆగడు. పొరుగువాని ఆస్తి, జీవనోపాధి మెరుగుపడి భద్రంగా ఉండేలా అతనికి సహాయం చేయాలి అంటాడు. ఆజ్ఞలో మొదటి సగం చేతిని ఆపుతుంది, రెండవ సగం అదే చేతికి పని చెబుతుంది.


పలమనేరు_అమ్మమ్మ
మంగళవారం, ఉదయం 8:30

మాస్టారుగారూ, మా సి.ఎస్.ఐ. వారి లెక్కలో అది ఎనిమిదవ ఆజ్ఞ. దొంగ ఏ లెక్కలోనైనా దొంగే కనుక ఆ తగాదా మనకు వద్దు.

నేను పుట్టింది గుడియాత్తం, మెట్టింది పలమనేరు. మా అమ్మ తమిళ బైబిలు చదివేది, మా అత్తగారు తెలుగు బైబిలు చదివేవారు. పెళ్ళైన కొత్తలో తెలుగు బైబిలులో నాకు అర్థం కాని మాట ఒకటి ఉండేది. "మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు" అని యోహాను 14:15లో ఉంది కదా, ఆ గైకొనడం ఏమిటని అత్తగారిని అడిగాను. ఆమె, మీ తమిళంలో ఏముందో చదువు అన్నారు. తమిళంలో "కైక్కొళ్ళుంగళ్" అని ఉంది. కై అంటే చేయి. చేతిలోకి తీసుకోండి అని అర్థం. తెలుగులో కూడా అదే మాట: కైకొనడమే గైకొనడం. కైదండలోనూ కైవసంలోనూ ఉన్న చేయే ఇక్కడా ఉంది.

ఆనాటి నుండి నాకు విధేయత అంటే తల వంచడం అన్న భావం పోయింది. తల వంచినవాడు నేల చూస్తాడు. చేతిలోకి తీసుకున్నవాడు ఆ వస్తువును చూస్తాడు, దానితో ఏదో ఒకటి చేస్తాడు. అమ్మ చేతికి ఇచ్చిన చంటిబిడ్డను మనం గైకొంటాము. అది భారమే, కాని "ఆయన ఆజ్ఞలు భారమైనవి కావు" అని యోహాను తన మొదటి పత్రికలో రాసింది ఆ రకపు భారం గురించేనని నా ఉద్దేశం. బిడ్డను దించివేస్తే చేతులు తేలికవుతాయి గాని, ఆ తేలికదనం ఏ తల్లికి కావాలి?

నాయనా గుమాస్తా, నువ్వు 80 రాయడం మానివేశావు, మంచిది. మాస్టారుగారు చెప్పిన రెండవ సగాన్ని గైకొన్నావా? నేను తప్పు పట్టడం లేదు, అడుగుతున్నాను.


గోవిందరాజ_వీధి
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను క్రైస్తవుణ్ణి కాను. మా ఇల్లు గోవిందరాజస్వామి గుడికి దగ్గర. నా మిత్రుడొకరు ఈ చర్చను పంపితే చదివాను. అనుమతి ఉంటుందనుకుని ఒక మాట చెబుతాను. గీత రెండవ అధ్యాయంలో కర్మ చేయడంలోనే నీకు అధికారం, ఫలంలో కాదు అన్న శ్లోకం మా ఇళ్ళలో అందరికీ తెలుసు. గుమాస్తాగారు ధర్మం చేసి ఫలం కోసం చూస్తున్నారు, అందువల్లనే దుఃఖం. ఫలాన్ని విడిచిపెడితే సరిపోతుంది కదా. మీ మతంలో దీనికి చోటు ఉందా?


కొర్లగుంట_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 4:45

అయ్యా, మీ రాకకు సంతోషం. మీరు చెప్పినదానిలో మాకు దగ్గరగా ఉన్నది చాలా ఉంది. కాని ఒకచోట దారి వేరవుతుంది, దాన్ని దాచిపెట్టి మర్యాద చేయడం నాకు ఇష్టం లేదు. మా గ్రంథం సంతోషాన్ని విడిచిపెట్టమని చెప్పదు, ఆశించమనే చెబుతుంది. యేసు యోహాను 15వ అధ్యాయంలో తన ఆజ్ఞలను గైకొని తన ప్రేమయందు నిలిచి ఉండమని చెప్పి, మీ సంతోషం పరిపూర్ణం కావాలని ఈ సంగతులు చెబుతున్నాను అంటాడు. ఆ మాట చెప్పింది ఏ పెళ్ళి విందులోనో కాదు, తనను పట్టుకుని సిలువ వేయబోతున్న ముందటి రాత్రి. కనుక ఆ సంతోషం పరిస్థితి మీద ఆధారపడినది కాదు; అలాగని ఆశ చంపుకొన్నవాని నిర్లిప్తత కూడా కాదు. ఒక వ్యక్తితో కలిసి ఉండడంలోని సంతోషం అది. ఫలాన్ని విడిచిపెట్టమని కాక, నువ్వు ఎదురుచూస్తున్న ఫలం మరీ చిన్నదని మా ప్రభువు అంటాడు.


రేణిగుంట_నర్సు
మంగళవారం, రాత్రి 10:30

డ్యూటీ దిగి ఇప్పుడే అంతా చదివాను. విధేయత అన్న మాటను ఇంత హాయిగా మాట్లాడుకునేవారు ఎక్కువగా పురుషులేనని నా అనుభవం (అమ్మమ్మగారు మినహా). మా సంఘాల్లో స్త్రీలకు ఆ మాట చాలాసార్లు, నోరు మూసుకో అన్నదానికి మర్యాదపూర్వకమైన అనువాదంగా చేరుతుంది. స్త్రీలు తమ భర్తలకు లోబడాలన్న ఎఫెసీయులకు 5:22 చదివేవారు దానికి ముందున్న 21వ వచనంలో ఒకనికొకడు లోబడియుండమని అందరికీ చెప్పిన సంగతి చదవరు. పాస్టరు మాటే దేవుని మాట, ఎదురు చెబితే శాపం అని బెదిరించే చోట్లు కూడా ఉన్నాయి. అపొస్తలుల కార్యములు 5:29లో పేతురు మనుష్యులకు కాదు, దేవునికే లోబడాలి అన్నది అప్పటి మతపెద్దల ముఖం మీదనే.

వృత్తి రీత్యా నాకు ఇష్టమైనవారు షిఫ్రా, పూయా. నిర్గమకాండము మొదటి అధ్యాయంలోని మంత్రసానులు. మగపిల్లలను చంపమని ఫరో ఆజ్ఞాపిస్తే, దేవునికి భయపడి ఆ పిల్లలను బ్రతకనిచ్చారు. వారి విధేయత పైకి అవిధేయతగా కనిపించింది. గుమాస్తాగారు చేసింది కూడా ఆ కోవలోకే వస్తుంది: ఒక యజమానికి కాదన్నారు, ఎందుకంటే వేరొక యజమానికి సరే అన్నారు.

నేను వేలూరులో నర్సింగ్ చదివాను. ఆ ఆసుపత్రిని 1900లో ఒక్క మంచంతో ఆరంభించిన ఐడా స్కడర్ గారికి అమెరికా నుండి వచ్చిన కొత్తలో ఇక్కడ ఉండిపోవాలని లేదు. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి పురుడు కష్టమైన తమ భార్యలను చూడమన్నారు. ఆమె వైద్యురాలు కాదు, వైద్యుడైన తండ్రిని వెంటబెట్టుకుని పోదామంటే పరపురుషుడిని వారు రానివ్వలేదు. ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ రాత్రి తరువాతనే ఆమె వైద్యం చదవడానికి వెళ్ళి తిరిగివచ్చారు. దీన్ని మాకు మొదటి సంవత్సరంలోనే చెబుతారు. విని విని నాకు విసుగు కూడా వచ్చింది, ఎందుకంటే అంత పెద్ద పిలుపు మనందరికీ రాదు. వార్డులో నా విధేయత చాలా చిన్నది: రాత్రి రెండు గంటలకు రక్తపోటు చూడకుండానే పాత అంకెను కాగితం మీద దించివేయకపోవడం. ఎవరూ చూడరు. అది చూసి రాసిన రాత్రి నాకు ఏ ఆనందమూ ఉప్పొంగదు, కాని ఉదయం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు నేను ఒక మనిషిగానే ఉన్నానని తెలుస్తుంది. నేను నిండుదనం అంటే దాన్నే అంటాను, పెద్ద మాటలు నాకు రావు.


అలిపిరి_ట్యాక్సీ
బుధవారం, ఉదయం 6:10

రెట్టింపు మాటను నేను వెనక్కి తీసుకుంటున్నాను. సందేహి అన్న చెప్పినదానిలో న్యాయం ఉంది. నా సంగతి కూడా ఒకటి అడుగుతాను. తిరుపతిలో బండి నడిపేవాడికి శని, ఆదివారాలే పంట. ఆదివారం బండి తీయకపోతే వారం కిరాయిలో మూడోవంతు పోతుంది. విశ్రాంతి దినం ఆజ్ఞ నాకు అన్నిటికంటే బరువుగా ఉంది. ఇది నిజంగా నా మేలు కోసమేనా?


కొర్లగుంట_మాస్టారు
బుధవారం, ఉదయం 7:00

విశ్రాంతిదినం మనుష్యుల కోసమే నియమింపబడింది అని ప్రభువే మార్కు 2:27లో చెప్పాడు గనుక, దాన్ని మీ మెడకు కట్టిన రాయిగా ఎవరైనా మారిస్తే నమ్మవద్దు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో ఈ ఆజ్ఞకు ఇచ్చిన కారణం చూడండి: నీ దాసుడును దాసియు నీవలె విశ్రమించాలి, నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్నావని జ్ఞాపకం చేసుకో. ఐగుప్తులో ఇటుకల లెక్కకు సెలవు లేదు. వారానికి ఒక రోజు నా విలువ నా కిరాయిలో లేదని ఒప్పుకోవడమే దాని సారం. ఆ రోజు ఆదివారమే కావాలా, మరొకటి కావచ్చునా అన్నదాని మీద సంఘాల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయి. ఆసుపత్రిలో నర్సు అమ్మాయి ఆదివారం పనిచేయకపోతే రోగుల గతి ఏమిటి? మీ ఇంటి పరిస్థితి చూసుకుని మీ సంఘం అయ్యగారితో (పాస్టరుతో) మాట్లాడండి. మన ఇళ్ళలో అంట్లు తోమే మనిషికి వారానికి ఒక రోజు సెలవు ఇస్తున్నామా అన్నది కూడా ఇదే ఆజ్ఞ కిందికి వస్తుందని నా శిష్యులకు చెబుతాను. పిల్లలు ఇంటికి వెళ్ళి అడిగారని తల్లులు నా మీద కోపగించారు.


నిర్వాహకులు
బుధవారం, ఉదయం 9:15

విశ్రాంతిదినం గురించి వేరే చర్చ ఇదివరకే ఉంది, దయచేసి అక్కడ కొనసాగించండి. ఇక్కడ మొదటి ప్రశ్న అడిగినవారు సోమవారం తరువాత మళ్ళీ రాయలేదు.


గుమాస్తా_చిత్తూరు
బుధవారం, రాత్రి 11:25

అమ్మమ్మగారు అడిగిన ప్రశ్న చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

నేను మొదటి రోజు ఒక సంగతి దాచాను. చెప్పే అంకె ఒకటి, రాసే అంకె ఒకటి అయినప్పుడు రెండూ కలగాపులగం కాకుండా ఉండడానికి నేను సొంతంగా చిన్న నోటు పుస్తకాలు పెట్టుకున్నాను. వాటిలో పోయిన సంవత్సరపు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, బీరువాలో బైబిలు కిందనే ఉంది. అందులో 41 మంది రైతుల పేర్లు, అసలు తూకం, మేము రాసిన తూకం ఉన్నాయి. పని మానేసిన రోజు దాన్ని కాల్చివేయాలనుకున్నాను, చేయలేకపోయాను. ఉంచుకుని ఏం చేయాలో కూడా తెలియలేదు.

వారిలో గుడిపాల వైపు నుండి వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయనకు చదువు రాదు, నేను రాసిన చీటీని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకునేవాడు. ఆ సీజన్‌లో ఆయన కాయ 12 టన్నులు. టన్నుకు 30 కిలోల చొప్పున 360 కిలోలు, అప్పటి ధర కిలో 15 రూపాయలు, మొత్తం 5,400 రూపాయలు. ఈ లెక్క నాకు నిద్రలో కూడా వస్తుంది. సందేహి గారు అన్నట్లు నాకు మనశ్శాంతి లేదు, అయితే దానికి కారణం జీతం తగ్గడం మాత్రమే కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. యోహాను 10:10 మొదటి సగం మా క్యాలెండరు మీద అచ్చు వేయలేదు. ఈ రోజు బైబిలు తీసి చూశాను. ఆ వచనం దొంగతో ఆరంభమవుతుంది.


సందేహి_పుత్తూరు
గురువారం, ఉదయం 6:40

మీరు ఇంత నిజాయితీగా రాశాక నేను వాదం పెంచను, కాని ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ 5,400 రూపాయలు మీ జేబులోకి రాలేదు, యజమాని జేబులోకి పోయాయి. మీరు జీతగాడు. ఆ అప్పు మీదెలా అవుతుంది? 41 మందికీ మీరే తీర్చాలంటే 9,000 జీతంలో ఎన్నేళ్ళు పడుతుంది? అపరాధ భావాన్ని విధేయత అని పొరబడవద్దు. పైగా ఆ రైతు వెళ్ళి మండీలో నిలదీస్తే మీ మీదికే వస్తుంది, చీటీల మీద ఉన్న చేతిరాత మీది.


కొర్లగుంట_మాస్టారు
గురువారం, ఉదయం 8:05

సందేహి గారి మొదటి ప్రశ్న మంచిది. సంఖ్యాకాండము 5వ అధ్యాయం 7వ వచనంలో, అపరాధం చేసినవాడు తాను చేసిన పాపాన్ని ఒప్పుకుని, అపరాధం వల్ల కలిగిన నష్టాన్ని సరిగా ఇచ్చి, దానికి అయిదవవంతు కలిపి ఎవరికి అపరాధం చేశాడో వానికే ఇవ్వాలి అని ఉంది. 5,400కు అయిదవవంతు 1,080, మొత్తం 6,480 రూపాయలు. లూకా 19వ అధ్యాయంలో జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, కాని ఆయన సుంకపు గుత్తదారుల్లో పెద్ద, ధనవంతుడు. ఎవరూ అడగకుండానే, ప్రభువు తన ఇంటికి వచ్చిన సంతోషంలో ఆ మాట అన్నాడు. ఇక్కడ కూడా వరుసక్రమం గమనించండి: ప్రభువు ముందు ఇంటికి వచ్చాడు, లెక్క తరువాత వచ్చింది.

మొత్తం అప్పు మీదేనని నేను అనను. అది ముఖ్యంగా సొమ్ము తిన్నవారిది. కాని సంఖ్యాకాండములో డబ్బు కంటే ముందున్నది ఒప్పుకోలు, ఆ భాగం పూర్తిగా మీదే. చీటీ రాసిన చేయి మీది గనుక, దాన్ని మీ బదులు ఎవరూ ఒప్పుకోలేరు. రెండవ ప్రశ్నకు, అంటే దానివల్ల మీకు ఇబ్బంది రావచ్చు అన్నదానికి, నా దగ్గర తేలికైన జవాబు లేదు. రావచ్చు. ఏమీ రాదని నేను చెబితే, రెట్టింపు వస్తుందని చెప్పినవారికీ నాకూ తేడా ఉండదు.


రేణిగుంట_నర్సు
గురువారం, మధ్యాహ్నం 2:10

మీ భార్యకు ఈ నోటు పుస్తకం సంగతి తెలుసా? ఆమె మౌనం మిమ్మల్ని బాధపెడుతోందని రాశారు. మీరు పని ఎందుకు మానేశారో సగమే తెలిసినవారు సగం మాటలే మాట్లాడగలరు. రైతు దగ్గరికి వెళ్ళడానికి ముందు ఆమెకు చెప్పండి. డబ్బు ఆ ఇంటిది కూడా.


గుమాస్తా_చిత్తూరు
గురువారం, రాత్రి 10:50

ఈ సాయంత్రం చెప్పాను. ఆమె నోటు పుస్తకం తీసుకుని 41 పేర్లూ నిదానంగా చదివింది. వారిలో ఇద్దరు మా మామగారి ఊరివాళ్ళట, అది నాకు ఇప్పటివరకు తెలియదు. తరువాత తన దగ్గర చీటీ డబ్బు 4,000 ఉందని, మిగతాది నన్ను చూసుకోమని చెప్పింది. ఇంతకాలం నన్ను ఎందుకు ఏమీ అనలేదని అడిగాను. "మీరు ఏదో దాస్తున్నారని తెలుసు, చెప్పేదాకా ఉందామనుకున్నాను" అంది.

ఆ పెద్దాయన దగ్గరికి ఎలా వెళ్ళాలో, మొదట ఏం మాట్లాడాలో ఎవరైనా చెప్పండి. నాకు భయంగా ఉంది.


పలమనేరు_అమ్మమ్మ
శుక్రవారం, ఉదయం 5:30

నాయనా, స్వీట్ల పెట్టె తీసుకుపోవద్దు, అది చూస్తే ఆయన శుభవార్త అనుకుంటాడు. డబ్బు కవరులో పెట్టి ముందే చేతికి ఇవ్వవద్దు, ముందు నోటితో చెప్పు. "దేవుడు నాతో మాట్లాడాడు" అని మొదలుపెట్టవద్దు. ఆయనకు కావలసింది నీ సాక్ష్యం కాదు, తన 360 కిలోల లెక్క. చీటీ మీద ఎంత రాశావో, అసలు ఎంత రాయాలో రెండు అంకెలూ చెప్పు. యజమాని మీదికి తోసివేయవద్దు, అలాగని ఆయన కోసం అబద్ధమాడవద్దు. ఆ పెద్దాయన అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పు. తిడితే నిలబడి విను. హెబ్రీ భాషలో వినడానికీ లోబడడానికీ ఒకటే మాటని మాస్టారుగారు ఇదివరకు ఒక చర్చలో రాశారు, మనకు కూడా మాట వినడం అంటే అదే కదా. క్షమించానని చెప్పమని ఆయనను అడగవద్దు. ఆయన చెబితే పుచ్చుకో, చెప్పకపోతే తిరిగి వచ్చెయ్. డబ్బు ముట్టినట్లు సంతకం అడగవద్దు.

మిగిలిన నలభై మంది సంగతి ఇప్పుడే ఆలోచించవద్దు. ఒకరి దగ్గరికి వెళ్ళి వచ్చినవాడికి రెండవవాడి ఇంటి దారి కనబడుతుంది.


సందేహి_పుత్తూరు
శుక్రవారం, ఉదయం 9:20

నా అనుమానాలు నాకు ఉన్నాయి, అయితే 2,480 రూపాయలు తక్కువ పడుతున్నాయని లెక్క తేలింది. అందులో వెయ్యి నేను అప్పుగా ఇస్తాను. దానం కాదు, నెలకు 200 చొప్పున తిరిగి ఇవ్వాలి. మీ నంబరు ఇక్కడ రాయవద్దు, నిర్వాహకుల ద్వారా పంపండి.


అలిపిరి_ట్యాక్సీ
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

అన్నా, రేపు ఉదయం నాకు వేలూరు కిరాయి ఉంది, వారిని దించి తిరుగు ప్రయాణంలో గుడిపాల మీదుగానే వస్తాను. బండి ఖాళీగానే వస్తుంది. మీరు చిత్తూరు నుండి బస్సులో గుడిపాల చేరుకుంటే, అక్కడి నుండి ఆ పెద్దాయన ఊరికి నేను తీసుకుపోతాను, వాకిట్లో బండిలోనే కూర్చుంటాను. పదకొండు గంటలకు వీలవుతుందా? ఎల్లుండి అయితే కుదరదు, ఆదివారం బండి తీయకూడదని ఈ వారం నుండి అనుకున్నాము.


గుమాస్తా_చిత్తూరు
శుక్రవారం, మధ్యాహ్నం 1:05

పదకొండుకు వీలవుతుంది. నా భార్య కూడా వస్తానంటోంది. నోటు పుస్తకం తీసుకువస్తున్నాము.